బల్ల ముందు కొలతలు

మా మావయ్యకి ఉన్నది ఒకటే అలవాటు. చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే వేళ అందరూ తల వంచుకుని కళ్ళు మూసుకుంటే, ఆయన మాత్రం తల ఎత్తి, ఒక కన్ను చికిలించి, మనుషుల కొలతలు తీసేవాడు. ఇందులో వింతేముందని అడగచ్చు. ఆయన దర్జీ అయ్యుంటే ఏమీ లేదు. మా మావయ్య శవపెట్టెలు చేసేవాడు.

అమ్మకి స్వయానా అన్న. పొడుగ్గా, సన్నగా, బుగ్గలు లోపలికి పోయి ఉండేవాడు. నడిస్తే చప్పుడయ్యేది కాదు. మనం ఒక్కళ్ళమే ఉన్నామనుకుని వెనక్కి తిరిగితే ఆయన నిలబడి ఉండేవాడు, చెవి మీద పెన్సిలుతో. ఆ పెన్సిలు చర్చిలో కూడా తీసేవాడు కాదు.

"దేవుడి ముందైనా అది తీసి జేబులో పెట్టుకోరాదా?" అని అత్తయ్య విసుక్కుంటే, "తీస్తే తల ఒక పక్కకి ఒరిగినట్టుంటుందే" అనేవాడు.

అత్తయ్య ఆయన్ని పెళ్ళి చేసుకోవడానికి కారణం కూడా ఆ చికిలించిన కన్నే. ఏదో పనిమీద వాళ్ళింటికి వెళ్ళి, గుమ్మంలో ఆవిణ్ణి చూసి, అలవాటు కొద్దీ ఒక కన్ను చికిలించాడట. "నాకు కన్ను కొట్టాడనుకున్నానే! ఎంత ధైర్యం అనుకుని రాత్రంతా మురిసిపోయా. పెళ్ళయ్యాక అడిగితే తెలిసింది, నా ఎత్తు చూశాడట. అప్పటికే ఆలస్యమైపోయింది" అని ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని వాపోతుంది.

ఆయన కొట్టు చర్చి వెనక సందులో ఉండేది. ఎండ పడని సందు. లోపలికి వెళితే గోడ పొడుగునా పెట్టెలు నిలబెట్టి ఉండేవి, తలుపు తీస్తారని ఎదురుచూస్తున్న మనుషుల్లా. ఒక దాంట్లో గొడుగు, ఒక దాంట్లో చిత్రికలు, ఉలులు, అన్నిటికంటే పొట్టిదాంట్లో ఆయన మధ్యాహ్నం భోజనం. "అందులో పెడితే ఎవరూ ముట్టుకోరు" అనేవాడు. నిజమే, చీమలు కూడా ముట్టుకునేవి కావు. ఇంట్లో బల్ల, మంచం, అల్మారా అన్నీ మిగిలిన చెక్కతో చేసినవే. నేను పుట్టినప్పుడు ఉయ్యాల చేసిచ్చాడు. దానికి మూత లేదన్న ఒక్క తేడా తప్ప అదీ ఆ వాటమే అని అమ్మ చెప్పేది.

వ్యాపారం ఎలా ఉందని ఎవరడిగినా ఒకటే జవాబు. "నేను చేసిన పెట్టె బాగాలేదని ఇంతవరకూ ఒక్కరు కూడా తిరిగొచ్చి చెప్పలేదండీ." హాస్యమాడుతున్నాడేమోనని మొహంలోకి చూస్తే నవ్వు ఉండేది కాదు. కొంచెం దిగులు కూడా ఉన్నట్టుండేది.

ఇక మా చర్చి సంగతి. నెలకోసారి బల్ల ఆదివారం, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే రోజు. బల్ల ముందు నడుమెత్తు చెక్క రెయిలింగు ఉండేది. ఉన్నది కొద్దిమందిమే కాబట్టి అందరం ఒకే వరసగా వచ్చి దాని ముందు మోకరించాలి. పాస్టరుగారు రొట్టె ముక్క చేతిలో పెడతారు. ద్రాక్షారసానికి మాత్రం ఒకటే గిన్నె. అది పాస్టరుగారి చేతిలోంచి మొదటి మనిషికి, ఆ మనిషి తాగి పక్కవాళ్ళకి, అలా వరస చివరిదాకా చేతులు మారుతూ పోవాలి. అందించేటప్పుడు "ఇది నీ కోసం" అనాలి. వేరేచోట్ల చిన్న చిన్న గాజు గ్లాసుల్లో ఇస్తారట, రొట్టె ముంచి నాలుక మీద పెడతారట. మావాళ్ళకి అవి గిట్టవు. పక్కమనిషి చేత్తో అందుకోవాలి, పక్కమనిషికి చేత్తో అందించాలి, అదే మా పద్ధతి.

అందరి పద్ధతీ ఒకటే అయినా ఎవరి తీరు వాళ్ళది. రిటైరైన పోస్టుమాస్టరుగారు రొట్టెముక్కని నాలుక మీద పెట్టి, స్టాంపు అంటించినట్టు వేలితో ఒకసారి నొక్కేవారు. రొట్టె తయారుచేసి తెచ్చే బేకరీ ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, అడుగు మాడలేదు కదా అని చూసుకుని గాని నోట్లో వేసుకునేది కాదు. మా అమ్మ గిన్నె అందుకోగానే ఒక్క క్షణం లోపలికి చూసేది, అందులో ఎవరో తెలిసినవాళ్ళు కనిపిస్తారన్నట్టు. ఆ తర్వాత తల ఎడమవైపుకి కొంచెం వంచి తాగేది.

మావయ్య తీరు చూస్తే మాత్రం ఒంట్లో చలి పుట్టేది. ఎప్పుడూ వరస చివర మోకరించేవాడు. ముందుగా రెయిలింగు మీద వేలి కణుపుతో టక్ టక్ మని కొట్టి, చెవి ఆనించి వినేవాడు. లోపలినుంచి ఎవరో జవాబు చెప్పినట్టు తలాడించేవాడు. ఆ తర్వాత అరచేతిలో రొట్టె అలాగే ఉంచుకుని, కన్ను చికిలించి, వరసలో ఒక్కొక్కరినీ పైనుంచి కిందికి చూస్తూ పెదాలు కదిపేవాడు. చలికాలంలో కిటికీల బయట పొగమంచు, లోపల కొవ్వొత్తుల వెలుగు, ఎవరూ ఊపిరి కూడా తియ్యని నిశ్శబ్దం. అందులో ఆ గొంతు సన్నగా, "కొంచెం కదలకుండా ఉంటారా అమ్మా..."

ఆ మాట విన్న మనిషి ఆ నెలంతా కదిలితే ఒట్టు.

దీనికి తోడు పోస్టుమాస్టరుగారి సంగతి జరిగింది. ఆయనకి ఒక మోకాలు బిగుసుకుపోయి, మోకరిస్తే లేవలేకపోయేవారు. మావయ్య ఆయన్ని వరసగా కొన్ని నెలలు చూశాడు, కన్ను చికిలించి, తల ఆడిస్తూ. తర్వాతి బల్ల ఆదివారం నాటికి, సరిగ్గా పోస్టుమాస్టరుగారు మోకరించే చోట రెయిలింగుకి ఒక చెక్క పిడి మొలిచింది. మొలిచింది అనే అనాలి, ఎందుకంటే ఎవరు పెట్టారో ఎవరూ చూడలేదు, మేకు కూడా కనపడలేదు. పోస్టుమాస్టరుగారు దాన్ని పట్టుకుని మోకరించి, దాన్నే పట్టుకుని హాయిగా లేచారు. ఆ ఏడు తిరక్కుండానే పోయారు. పెట్టె మావయ్యే చేశాడు, అంగుళం తేడా లేకుండా.

ఆ తర్వాత ముసలి నర్సమ్మగారు. ఆవిడ మోకరించే చోట కింది చెక్క ఎత్తు పెరిగింది, పైన మెత్తటి దిండు వచ్చింది. ఆవిడా పోయింది. ఇద్దరు పోతే చాలు, మూడోవాళ్ళెవరో జనం ఊహించుకోవడం మొదలుపెడతారు.

"ఆయన చూశాడంటే అయిపోయినట్టే" అని బేకరీ ఆవిడ చర్చి మెట్ల మీద నిలబడి గుసగుసగా ప్రకటించింది. ఆవిడ గుసగుస సందు చివరిదాకా వినిపించేది. "ఆ చెక్కని కొట్టి మట్టి కిందున్నవాళ్ళని అడుగుతాడు, 'ఈసారి ఎవరు?' అని. వాళ్ళు చెబుతారు. మీరెవరూ ఆ పిడి ముట్టుకోకండి."

ఎవరూ ముట్టుకోలేదు. ఆ చోట మోకరించడమే మానేశారు. అక్కడ వరసలో ఖాళీ ఏర్పడింది. గిన్నె ఆ ఖాళీ మీదుగా చేతులు బారజాపి అందించుకోవలసి వచ్చేది. ఇంక జనం జాగ్రత్తలు చెప్పనక్కర్లేదు. ఒకాయన నెలకో చోటు మార్చేవాడు, కొలత దొరక్కుండా. ఇంకొకాయన చలికోటు లోపల ఇంకో చలికోటు వేసుకొచ్చేవాడు. బేకరీ ఆవిడ మావయ్య కనబడితే చాలు, పొట్టిగా కనిపించాలని నడుము వంచి నడిచేది. బజార్లో ఆవిడ ఒక్కసారిగా వంగిపోయిందంటే ఆ చుట్టుపక్కల మావయ్య ఉన్నాడని గుర్తు.

ఇంతలో మా ఇంట్లో ఒక కష్టం వచ్చింది. అమ్మకి చేతులు వణకడం మొదలైంది. మొదట టీ కప్పులో చెంచా గలగలమనేది. తర్వాత సూదిలో దారం ఎక్కించలేకపోయింది. డాక్టరు మందులిచ్చాడు, తగ్గుతుందని మాత్రం చెప్పలేదు. మందుల షాపులో పనిచేసేదాన్ని కాబట్టి ఆ మందులు దేనికిస్తారో నాకు తెలుసు, తగ్గదనీ తెలుసు.

ఒక బల్ల ఆదివారం అమ్మ చేతిలో గిన్నె ఎగిరినట్టయి, ద్రాక్షారసం వెళ్ళి పక్కనున్న బేకరీ ఆవిడ కొత్త బట్టల మీద పడింది. తెల్ల బట్టలు. "అయ్యో, ఏం పర్లేదు వదినా" అంది ఆవిడ. అని, చివరి పాట అయ్యేదాకా తుడుచుకుంటూనే ఉంది.

ఆ తర్వాత అమ్మ రెయిలింగు దగ్గరికి రావడం మానేసింది. చర్చికి వచ్చేది, పాటలు పాడేది, బల్ల సమయానికి బెంచీలోనే ఉండిపోయేది. ఎవరడిగినా మోకాళ్ళ నొప్పులని చెప్పేది. నిజం సంగతి నాకూ పాస్టరుగారికీ మాత్రమే తెలుసు. ఆయన మంచివాడు, ఇంటికొచ్చి మరీ చెప్పారు.

"మీకు రొట్టె ద్రాక్షారసంలో ముంచి నోట్లో పెడతానమ్మా. అదీ పద్ధతే. ఏ తప్పూ లేదు."

"తప్పని నేనన్లేదండీ" అంది అమ్మ, చేతులు పైట కింద దాచుకుని. "ఆ గిన్నె ఇన్నేళ్ళూ నా చేత్తో అందుకున్నా. నా చేత్తో పక్కమనిషికిచ్చి 'ఇది నీ కోసం' అన్నా. ఇప్పుడు అందరి మధ్యా నేనొక్కదాన్నే పిల్లలా నోరు తెరవనా? ఇవ్వలేనప్పుడు పుచ్చుకోను. నన్నొదిలెయ్యండి."

పాస్టరుగారు వదిలేశారు. మా మావయ్య వదల్లేదు.

అందరూ రెయిలింగు దగ్గరికి వెళ్ళాక ఖాళీ బెంచీలో ఒక్కతే కూర్చుని, ముందు బెంచీ మీద మోచేతులానించి ప్రార్థన చేసుకునే అమ్మవైపు తిరిగి, ఒక కన్ను చికిలించాడు. చర్చంతా చూసింది. ఆ నిశ్శబ్దంలో ఎవరో ఎక్కిళ్ళు పెట్టారు. తర్వాతి నెలా అదే చూపు. ఆ పై నెలా అదే. పెదాలు కదులుతున్నాయి. పెన్సిలు చెవి మీదనుంచి చేతిలోకి వచ్చింది.

"పోయి పోయి సొంత చెల్లెలి మీదా!" అని బేకరీ ఆవిడ మెట్ల మీద బావురుమంది.

ఇక మా ఇంటికి జనం రావడం మొదలైంది. పళ్ళు తెచ్చారు. పువ్వులు తెచ్చారు. మాట్లాడకుండా కూర్చుని, అమ్మ చెయ్యి నిమిరి, కళ్ళొత్తుకుని వెళ్ళిపోయారు. బేకరీ ఆవిడ ఒక పెద్ద కేకు తెచ్చి, "ఏం తినాలనిపిస్తే అది తినెయ్ వదినా, మనసులో పెట్టుకోకు. ఆ మరక కూడా పోయిందిలే, దాని గురించి దిగులు పెట్టుకుని పోవద్దు" అంది.

"పోవడమేంటి? నాకొచ్చింది చేతుల వణుకు!" అని అరవబోయి, అది రహస్యమని గుర్తొచ్చి, అమ్మ పళ్ళు కొరుక్కుంది. "మోకాళ్ళు నొప్పి. అంతే."

"అలాగే మొదలవుతుంది వదినా" అని ఆవిడ మళ్ళీ ఏడ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రమే మావయ్య కొట్టుకి వెళ్ళాను. లోపల చీకటిగా ఉంది. పెట్టెలన్నీ గోడ వారన నిలబడి నావైపే చూస్తున్నట్టున్నాయి. ఆయన వెలుగున్న మూల కూర్చుని ఒక పొడవాటి చెక్కని ఉలితో తొలుస్తున్నాడు. శవపెట్టెకి వాడే చెక్కే, ఆ వాసన నాకు ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ తెలుసు. అయితే అందులో గుంటలు తొలుస్తున్నాడు, జతలు జతలుగా. అలాంటి పెట్టె నేనెక్కడా చూడలేదు.

"మావయ్యా, అమ్మనెందుకలా చూస్తున్నావు?"

"చూడకపోతే ఎలా తెలుస్తుందే?"

"ఏం తెలియాలి?"

"ఎంత కావాలో."

ఏడుపో కోపమో తెలియకుండా నిలబడ్డాను. ఆయన నావంక చూశాడు. కన్ను చికిలించాడు.

"ఇలా రా. మోచెయ్యి ఇక్కడ పెట్టు."

చెయ్యి దానంతటదే వెళ్ళింది. పిలిస్తే వెళ్ళకుండా ఉండలేని గొంతు అది. చెక్క మీద నా మోచెయ్యి పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీత గీశాడు. చెక్క చల్లగా తగిలింది.

"ఏంటిది?"

"నీది" అన్నాడు.

ఇంక నేనక్కడ ఉంటానా? చెప్పులు కొట్టులోనే వదిలేసి ఇంటికి పరిగెత్తాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అమ్మకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే. కానీ ఆ రోజుల్లో మా ఇంట్లో తుమ్మినా గుండె ఆగేది. మధ్యాహ్నం మందులిచ్చి, అమ్మని పడుకోబెట్టి, పొద్దున షాపుకి వెళ్ళే దారిలో పాస్టరుగార్ని కలిసినప్పుడు చర్చిలో మర్చిపోయిన గొడుగు తెచ్చుకుందామని బయల్దేరాను. వాన పడుతోంది. మబ్బు ఎంత కిందికి దిగిందంటే చర్చి లోపల సాయంకాలంలా ఉంది. కొవ్వొత్తి ఒక్కటీ వెలగడం లేదు. బెంచీల మధ్య నడుస్తుంటే నా అడుగుల చప్పుడు నాకే వెనకనుంచి వినిపించింది.

రెయిలింగు దగ్గర ఎవరో మోకరించి ఉన్నారు.

అమ్మ మోకరించే చోటు అది. దుప్పటిలాంటిదేదో భుజాల మీద కప్పుకుని ఉంది. రెండు చేతులతో గిన్నె పట్టుకుని, ఒక్క క్షణం లోపలికి చూసి, తల ఎడమవైపుకి కొంచెం వంచింది. అమ్మ వంచినట్టే. చేతులు వణుకుతున్నాయి. అమ్మ చేతులు వణికినట్టే, ముందు కుడిచెయ్యి, తర్వాత రెండూ. ఆ తర్వాత పక్కకి తిరిగి, ఎవరూ లేని చోటుకి ఆ గిన్నె చాపి, "ఇది నీ కోసం" అంది, లోగొంతుకతో.

అమ్మ ఇంట్లో మంచం మీద ఉంది. నేనే పడుకోబెట్టి వచ్చాను. మరి ఇదెవరు? ఇంట్లో ఏమైంది?

"అమ్మా?"

ఆ ఆకారం ఆగింది. మెల్లగా తల తిప్పింది. చెవి మీద పెన్సిలు ఉంది.

"సగం ఒలికిపోయిందే" అన్నాడు మావయ్య.

నేను పక్కనున్న బెంచీలో కూలబడ్డాను. ఆయన మాత్రం నేనెందుకు కూలబడ్డానో కూడా అడగలేదు. చొక్కా ముందంతా నీళ్ళు. చేతిలో ఉన్నది రేకు గ్లాసు. రెయిలింగు మీద కొత్త చెక్క ఒకటి తాత్కాలికంగా బిగించి ఉంది. అందులో రెండు గుంటలు.

"మంచి సమయానికి వచ్చావు. మీ అమ్మ తల వంచేది ఇటే కదా? నాకెప్పుడూ ఒక పక్కనుంచే కనబడుతుంది. ఇదిగో, మోచేతులు ఈ గుంటల్లో కూర్చుంటే వణుకు సగానికి తగ్గుతోంది. తాగడానికి ఇబ్బంది లేదు. పక్కకి తిప్పి ఇచ్చేటప్పుడే ఒలికిపోతోంది. ఇక్కడ అంచు కొంచెం వాలుగా తియ్యాలి. చెయ్యి లేపకుండానే తిరగాలి."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి ఆయన దగ్గరికి వెళ్ళాను.

"నీకెవరు చెప్పారు? అమ్మ మోకాళ్ళ నొప్పులని కదా..."

"మోకాళ్ళ నొప్పున్న మనిషి మెట్లు ఎలా ఎక్కుతుందో నాకు తెలియదా? మీ అమ్మ చకచకా ఎక్కుతుంది, చేతులు దాచుకుని. చెల్లెల్నే చూసుకోలేనివాణ్ణి ఊళ్ళోవాళ్ళ కొలతలేం తీస్తాను?"

"మరి అందర్నీ చూడటం దేనికి మావయ్యా? నాకు కూడా గీత గీశావు."

ఆయన నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశాడు. "ఒక్కచోటే గుంటలుంటే, ఇది ఫలానా ఆవిడ కోసమని అందరికీ తెలిసిపోదూ? మీ అమ్మ దాని ముందు మోకరిస్తుందా? చచ్చినా మోకరించదు. అందుకే రెయిలింగంతా మార్చేస్తున్నా. పుచ్చిపోయిందని పాస్టరుగారికి చెప్పా. అబద్ధం కాదు, కొట్టి చూస్తే డొల్లగా పలుకుతోంది. అందరికీ గుంటలుంటాయి, ఎవరి మోచేతులకి సరిపడా వాళ్ళకి. ఎవరి కోసమో ఎవరికి తెలుస్తుంది?"

"నువ్వు చావు కొలతలు తీస్తున్నావని అందరూ అనుకుంటున్నారు. తెలుసా?"

"తెలుసు. అనుకోనీ. అనుకుంటేనే మంచిది, అసలు సంగతి ఎవరూ అడగరు." గ్లాసులో మళ్ళీ నీళ్ళు పోసుకున్నాడు. "కానీ ఆ బేకరీ ఆవిణ్ణి నిటారుగా నడవమని చెప్పవే. అలా వంగి నడిస్తే నడుం పోతుంది. పైగా నాకు ఆవిడ కొలత సరిగ్గా అందడం లేదు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మా మావయ్య మీద నాకంత ప్రేమ ఉందని ఆ వానలో, ఆ చీకటి చర్చిలో, ఆయన అమ్మలా చేతులు వణికించుకుంటూ మళ్ళీ మోకరిస్తుంటే తెలిసింది. ఆయన పక్కన మోకరించి, గ్లాసు అందుకునే మనిషిగా నేను కూర్చున్నాను. నా బట్టలన్నీ తడిసిపోయాయి.

"అమ్మకి చెప్పకు" అన్నాడు.

చెప్పలేదు. చెప్పింది ఒకటే: "ఈ బల్ల ఆదివారం కొత్త రెయిలింగు వేస్తున్నారట, ఒక్కసారి వచ్చి చూడు. గిన్నె ముట్టుకోవద్దులే, నా పక్కన ఊరికే మోకరించు."

ఆ ఆదివారం పొగమంచు కిటికీలకి ఆనుకుని నిలబడింది. కొత్త రెయిలింగు కొవ్వొత్తుల వెలుగులో పాలిపోయి కనిపించింది. పొడుగునా జతలు జతలుగా గుంటలు. చర్చి నిండా ఆ చెక్క వాసన. అందరూ ఏదో ఒక రోజు ఆ వాసన చూసినవాళ్ళే. ఒక్కరూ ముందుకి కదల్లేదు.

"అన్నయ్యగారూ, ఇది... ఆ చెక్కేనా?" అంది బేకరీ ఆవిడ, వంగే ఉండి. ముందుజాగ్రత్తగా ఈసారి నల్లబట్టలు వేసుకొచ్చింది.

"మంచి చెక్కమ్మా" అన్నాడు మావయ్య. "ఇంతవరకూ ఎవరూ తిరిగొచ్చి..."

"చాల్లెండి!" అని అత్తయ్య ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

చివరికి పాస్టరుగారే వెళ్ళి మోకరించి చూపించారు. మోచేతులు గుంటల్లో కుదురుకోగానే ఆయన మొహం మారింది. "అబ్బ!" అన్నారు. ప్రార్థనలో ఆయన అంత మనస్ఫూర్తిగా ఏ మాటా అనగా నేను వినలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఎవరి చోట వాళ్ళ మోచేతులు, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు, వెళ్ళి కూర్చున్నాయి. సంతోషించాలో భయపడాలో వాళ్ళకి తెలియలేదు. ఒకావిడ మోచెయ్యి తీసి చూసి, మళ్ళీ పెట్టి, సిలువ గుర్తు వేసుకుంది.

పాత పిడి మాత్రం ఉన్నచోటే ఉంది, కొత్త చెక్కకి బిగించి. దాని పక్కనా ఒక జత గుంటలున్నాయి. అక్కడ ఎవరూ మోకరించరు కదా.

"ఇవెవరివి మావయ్యా?" అన్నాను చెవిలో.

"పోస్టుమాస్టరుగారివి. కొలతలు ఉన్నాయిగా, వదిలెయ్యడమెందుకని."

నేనూ అమ్మా పక్కపక్కన మోకరించాం. అమ్మకి అటువైపు బేకరీ ఆవిడ. అమ్మ చేతులు ఒళ్ళోనే దాచుకుంది. ముందున్న చెక్కని చూసింది. ఆ రెండు గుంటల్నీ, వాటి వాలు అంచునీ చూసింది. వరస చివర ఉన్న అన్నవైపు చూసింది. చేతులు పైకి తీసి, మోచేతులు వాటిలో పెట్టింది.

గిన్నె వస్తోంది. పోస్టుమాస్టరుగారి ఖాళీ చోటు మీదుగా చెయ్యి బారజాపి అందిస్తున్నప్పుడు, ఏ చెయ్యీ వణక్కుండానే ఆ ద్రాక్షారసం ఒక్కసారి కదిలింది. ఎవరో పెదవి ఆనించినట్టు. నేను చూశాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

గిన్నె నా చేతికొచ్చింది. తాగాను. అమ్మవైపు తిరిగాను. "ఇది నీ కోసం."

అమ్మ అందుకుంది. ముందు కుడిచెయ్యి వణికింది, తర్వాత రెండూ. గుంటల్లో మోచేతులు అదుముకున్నాయి. వణుకు చిన్నదైంది. పోలేదు, చిన్నదైంది, అంతే. ద్రాక్షారసం అంచుదాకా వచ్చి వెనక్కి వెళ్ళింది. అమ్మ ఒక్క క్షణం లోపలికి చూసి, తల ఎడమవైపుకి వంచి, తాగింది. చెయ్యి లేపకుండానే, ఆ వాలు మీద, పక్కకి తిరిగింది. బేకరీ ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, దేనికైనా సిద్ధపడి ఉంది.

"ఇది నీ కోసం" అంది అమ్మ.

ఒక్క చుక్క ఒలకలేదు.

నేను మావయ్యవైపు చూశాను. ఆయన జీవితంలో మొదటిసారి, అందరిలాగా, రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని తల వంచుకుని ఉన్నాడు. కొలిచేది ఇంకేం మిగల్లేదు. చూసే ధైర్యం కూడా లేదు.

ఆరాధన అయ్యాక అమ్మ ఆయన ముందుకెళ్ళి నిలబడింది. దాచుకోకుండా చేతులు రెండూ బయటే ఉన్నాయి, వణుకుతూ.

"బాగుంది అన్నయ్యా" అంది.

మావయ్య నోరు తెరిచాడు. ఇంతవరకూ ఒక్కరు కూడా అని ఏదో మొదలుపెట్టాడు గాని మాట ముందుకి సాగలేదు. బాగుందని తిరిగొచ్చి చెప్పినవాళ్ళు కూడా ఆయనకి ఇంతవరకూ లేరని నాకప్పుడు తట్టింది. చెవి మీది పెన్సిలు తీసి, తిప్పి చూసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. అత్తయ్య మొహం అటు తిప్పుకుంది.

ఇంతలో బేకరీ ఆవిడ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"అన్నయ్యగారూ! అందరివీ సరిపోయాయి, నావే ఇరుగ్గా ఉన్నాయి. మోచేతులు నొక్కుకుపోయాయి. ఇదేం బాగాలేదండీ!"

మావయ్య ఆవిడవంక చూశాడు. ఆ లోపలికి పోయిన బుగ్గల మీద, ఎవరికీ ఎప్పుడూ కనిపించని నవ్వొకటి నెమ్మదిగా పైకొచ్చింది.

"విన్నావా?" అన్నాడు అత్తయ్యతో, పట్టలేని సంతోషంతో. "తిరిగొచ్చి చెప్పింది!"

ఆ తర్వాత ఆవిడవైపు తిరిగి ఒక కన్ను చికిలించాడు. "మీరు వంగి ఉండటం వల్ల కొలత తప్పిందమ్మా. ఒక్కసారి కదలకుండా నిలబడితే, వచ్చే నెలకి సరిచేసేస్తాను."

బేకరీ ఆవిడ అటూ ఇటూ చూసింది. గుండె మీద చెయ్యేసుకుని, ఊపిరి గట్టిగా బిగబట్టి, ఎన్నాళ్ళ తర్వాతో, నిటారుగా నిలబడింది.